చాలు అంటే చాలూ అని

నా నోటుబుక్కులో మొదటి మాట "చాలు".

మెరైన్ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో చేరి అప్పటికి నెల కూడా కాలేదు. మా బ్లాకు నీళ్ళ ట్యాంకు నింపే పని మొదటి సంవత్సరం వాళ్ళదే, వంతులవారీగా ఇద్దరిద్దరికి పడేది. ఒకరు మేడ మీద ట్యాంకు మూత తీసి చూస్తూ నిలబడాలి, ఇంకొకరు కింద మోటారు స్విచ్చు దగ్గర ఉండాలి. ఆ రోజు నాకు జతగా పడింది మా గదిలో ఉండే హిందీ అబ్బాయి. వాడికి తెలుగు ముక్క రాదు. నాకొచ్చిన హిందీ బళ్ళో పరీక్ష కోసం బట్టీ పట్టిందే.

నీళ్ళు అంచుకు రాగానే పిట్టగోడ మీంచి వంగి "చాలు! చాలు!" అని అరిచాను. ఇంగ్లీషులో అరవాలని తోచలేదు. కంగారులో నోటికొచ్చేది ఇంట్లో మాటే కదా. కింద నుంచి వెంటనే "చాలూ, చాలూ!" అని జవాబొచ్చింది. విన్నాడులే అనుకుని మూత వేయబోయాను. నీళ్ళు ఆగలేదు, మూత కింద నుంచి పొంగుకొస్తున్నాయి. ఈసారి గొంతు చించుకున్నాను. వాడూ అంత గట్టిగానే "హా భాయ్, చాలూ హై!" అన్నాడు. అలా చాలాసేపు ఒకరికొకరం భరోసా ఇచ్చుకున్నాం. ఈలోగా నీళ్ళు మెట్లు దిగి, కింది వరండాలోకి వెళ్ళి, అక్కడ వరసగా విడిచిన సీనియర్ల బూట్లలోకి చేరాయి.

ఆ రాత్రి మెట్లన్నీ మేమిద్దరమే తుడవాల్సి వచ్చింది. సగం తుడిచాక, "ఇంతకీ నువ్వు అరిచిందేమిటి?" అని అడిగాడు. చాలు అంటే బస్, ఇక ఆపెయ్యి అని చెప్పాను. చేతిలో గుడ్డతో అలాగే తడి మెట్టు మీద కూర్చుండిపోయాడు. హిందీలో చాలూ అంటే నడుస్తోంది, ఆన్‌లో ఉంది అని. మోటారు నడుస్తోందా అని నేను అడుగుతున్నాననుకుని, నడుస్తోంది నడుస్తోంది అని నాకు ధైర్యం చెబుతున్నాడు పాపం. ఉన్నది ఒకటే మోటారు, అరిచింది ఒకటే మాట. మేడ మీద దానికి ఆపమని అర్థం, కింద నడుస్తోందని అర్థం. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. మా స్నేహం మొదలైంది ఆ మెట్ల మీదే.

తరవాత ఒక రాత్రి కరెంటు పోయింది. ఉక్కపోతకు నిద్ర పట్టక "అబ్బా, గాలి లేదు, కాస్త గాలి కావాలి" అని గొణుక్కుంటున్నాను. అప్పటికి వాడికి "కావాలి" తెలుసు. చీకట్లో లేచి కూర్చుని, ఈ వేళప్పుడు నీకు గాలీ ఎందుకు కావాలి అని అడిగాడు. హిందీలో గాలీ అంటే తిట్టు. కిటికీ తెరిచి చెయ్యి బయట పెట్టి చూపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, "మీరు పీల్చేదాన్ని మేము తిట్టడానికి వాడుతున్నాం" అన్నాడు. ఆ మాట నన్ను పట్టేసింది. మర్నాడు పొద్దున్నే రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కులో మూడు గడులు గీశాను. మాట, మనకు, వాళ్ళకు. పరీక్షలయ్యేసరికి నలభై దాకా పోగయ్యాయి. మన పని, వాళ్ళ పానీ. మన తోట, వాళ్ళ తోతా అంటే చిలక. మనం "బాగా" అంటే వాళ్ళకు పారిపోయాడని వినిపిస్తుంది. వాళ్ళమ్మగారు శిక్షా రంగంలో ఉన్నారని వాడు చెప్పినప్పుడు, జైలు అధికారి కాబోలు అనుకున్నాను. ఆవిడ టీచరు.

సెలవుల్లో ఆ పుస్తకం పట్టుకుని ఇంటర్‌లో మాకు తెలుగు చెప్పిన మాస్టారి దగ్గరికి వెళ్ళాను. మెచ్చుకుంటారని ఆశ. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఎర్ర పెన్సిలు తీసి, ఒక్కో మాట మీద ఆగి ఆగి చదివారు. శిక్ష కింద గీత. అవసరం కింద గీత. ఉపన్యాసం, ప్రపంచం, అన్నిటి కిందా గీతలే. తప్పులేమో అని నాకు టెన్షన్ పట్టుకుంది.

"తప్పులు కావురా, ఇవి నీ పుస్తకంలో ఉండాల్సినవి కావు" అన్నారు. "శిక్ష అంటే సంస్కృతంలో నేర్పడం. ఆరు వేదాంగాల్లో ఒకదాని పేరే శిక్ష, ఉచ్చారణ నేర్పే శాస్త్రం అది. హిందీవాళ్ళు చదువు అన్న అర్థాన్ని నిలుపుకున్నారు. మనం దండన దాకా వచ్చేశాం. అయినా శిక్షణ అనే మాటలో పాత అర్థం మన దగ్గరా ఉండిపోయింది, చూశావా? అవసరం అంటే అదను, అవకాశం. వాళ్ళకు ఇప్పటికీ అదే, మనకు అక్కర అయింది. ఉపన్యాసం మనకు సభలో ప్రసంగం, వాళ్ళకు నవల. ఇవన్నీ ఒక తల్లి పిల్లలు, వేరు వేరు ఇళ్ళల్లో పెరిగి వేరు వేరు బుద్ధులు నేర్చుకున్నాయి. నీ చాలు అలాంటిది కాదు. మన చాలు ద్రావిడం. వాళ్ళ చాలూ చల్ అనే ధాతువు నుంచి వచ్చింది. ముఖం ఒకటే, వంశం వేరు. నువ్వు వెతకాల్సింది అదీ."

మరి చూడగానే తెలిసేదెలా మాస్టారూ అని అడిగాను. ఆయన చెప్పిన పాఠం ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. కాగితం మీద పాలు, పులి, పూవు, పోవు అని ఒకదాని కింద ఒకటి రాసి, ఎదురుగా కన్నడంలో హాలు, హులి, హూవు, హోగు అని రాశారు. ఇలాంటి అచ్చ మాటల మొదట్లో మన పకారం ఉన్నచోట వాళ్ళకు హకారం. "చుట్టాలు వరసలో వస్తారు. ఒక్క ముఖం పోలిందని చుట్టరికం కలిపేయకు, వరస చూడు" అన్నారు. 1816లో మద్రాసులో పనిచేసిన ఎల్లిస్ దొర తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబమని, అది సంస్కృతం నుంచి పుట్టింది కాదని చూపించింది ఇలా పక్కపక్కన పెట్టి చూసేనని కూడా ఆ రోజే చెప్పారు. అప్పటిదాకా తెలుగు సంస్కృతం బిడ్డ అని నేనూ నమ్మేవాణ్ణి.

లేచి వస్తుంటే మళ్ళీ పిలిచారు. "నీకో పని పెడుతున్నా. శబ్దమూ ఒకటే, అర్థమూ ఒకటే, అయినా ఆ రెంటికీ ఏ చుట్టరికమూ లేదని రుజువు చేయగలిగే మాట ఒక్కటి పట్టుకురా. అది దొరికిన రోజు ఈ ఎర్ర పెన్సిలు నీకిచ్చేస్తా."

ఓడ ఎక్కాక తెలిసింది, ఆ పనికి అంతకంటే మంచి చోటు ఉండదని. ఇరవై మంది మనుషులు, ఆరేడు మాతృభాషలు. పని నడిపేది ఇంగ్లీషు. కానీ దెబ్బ తగిలినా, భయం వేసినా, ఇంటికి ఫోన్ చేసినా ఎవడి భాష వాడిదే. నా గడులు మూడు సరిపోక, పేజీ అడ్డంగా తిప్పి ఏడు గీసుకున్నాను.

మొదటి ఓడలో జరిగిందొకటి చెప్పాలి. రాత్రి వాచ్ డ్యూటీ. ఇంజన్ రూమ్‌లో ఆ హోరుకు పక్కవాడి మాట వినాలంటే చెవిలో అరవాల్సిందే. నేనూ గ్రీకు సెకండ్ ఇంజనీరూ ఒక పంపు విప్పి పెట్టుకుని కూర్చున్నాం. దూరం నుంచి ఇండోనేషియా కుర్రాడు, మా ఆయిలర్, "మాతి! మాతి!" అని అరుస్తూ పరుగెత్తుకొస్తున్నాడు. సెకండ్ ఇంజనీరు చేతిలో స్పానర్ అక్కడే పడేసి, గోడకు తగిలించిన కళ్ళు కడిగే మందు సీసా లాక్కుని, ఎదురెళ్ళి ఆ కుర్రాడి తల వెనక్కి వంచి, బలవంతంగా కంటి రెప్ప తెరవబోయాడు. కుర్రాడు గింజుకుంటున్నాడు. ఒక చేత్తో ఆయన్ని తోస్తూ రెండో చేత్తో వెనక్కి చూపిస్తున్నాడు. అప్పుడు చూశాం, ఆయిల్ ప్యూరిఫయర్ ఆగిపోయి ఉంది.

గ్రీకులో మాతి అంటే కన్ను. ఇండోనేషియాలో మాతి అంటే చనిపోవడం, ఆగిపోవడం. మనిషికైనా మిషనుకైనా అదే మాట. కుర్రాడు మిషను చచ్చిందంటున్నాడు, ఈయన వాడి కంట్లో నూనె పడిందనుకున్నాడు. వాళ్ళిద్దరి మధ్యా నేను. నాకు తెలిసిన మతి ఇంకోటి, పొట్టి అచ్చుతో. ఆ క్షణాన నాకు నిజంగానే అది పోయింది. ప్యూరిఫయర్ మళ్ళీ నడిపించాక, ముగ్గురం కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నప్పుడు ఆ మూడు అర్థాలూ చెప్పాను. గ్రీకాయన ఏదో ఆలోచిస్తూ తన కన్ను ముట్టుకుని, ఆగి ఉన్న మీటరు ముట్టుకుని, చివరికి నా నుదురు ముట్టుకున్నాడు. చేతికి గ్రీజు ఉంది, నా నుదుటి మీద మరక పడింది. మర్నాటిదాకా అది కడుక్కోలేదు నేను.

ఆ కుర్రాడే తరవాత డెక్ మీద పొద్దు పొడుస్తుంటే "మాతహారి" అని చూపించాడు. అమ్మవారినీ విష్ణువునీ కలిపి తలుచుకున్నట్టు వినిపించింది నా చెవికి. మాత అంటే వాళ్ళకు కన్ను, హారి అంటే రోజు. పగటి కన్ను, సూర్యుడు! గ్రీకు మాతి, ఇండోనేషియా మాత రెండూ కన్నే అన్నమాట. మాస్టారికి రాయాలనిపించింది కానీ చివరి అచ్చు కలవలేదు. ఒప్పుకోరని తెలుసు. ఇంకో రోజు "కాకి" అన్నాడు. నడిసముద్రంలో కాకేమిటని తలెత్తి చూశాను. వాడు చూపించింది తన పాదం. మలయ్‌లో, ఇండోనేషియాలో కాకి అంటే కాలు.

అన్నిటికన్నా నన్ను కదిలించింది మాత్రం ధ్వని కలిసిన మాట కాదు. ఒకసారి చీఫ్ ఇంజనీరు ఇంగ్లీషులో "ఈ రాత్రికే మనం దీన్ని పూర్తి చేస్తాం" అన్న అర్థంలో ఏదో అని వెళ్ళిపోయాడు. ఆ కుర్రాడు నా దగ్గరికొచ్చి, "ఆయనన్నది కితానా, కామీనా?" అని మెల్లగా అడిగాడు. వినేవాణ్ణి కలుపుకుంటే కిత. కలుపుకోకపోతే కామి. మనం, మేము! ఇంగ్లీషుకు లేని తేడా, హిందీకీ లేని తేడా, ఎక్కడో వేల మైళ్ళ అవతల ద్వీపాల్లో పుట్టిన వాడి భాషకు ఉంది. మన మనం, మేము నేను చెబితే, వాడు నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆ తరవాత ఓవర్ టైం మాట వచ్చినప్పుడల్లా మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం, అది కితానో కామీనో అని.

ఇలాంటిదే ఫిలిప్పీన్స్ ఫిట్టర్ ఒకాయన దగ్గర దొరికింది. ఆయన వారానికోసారి ఇంటికి ఫోన్ చేసేవాడు, ప్రతి రెండు మాటలకూ ఒకసారి "మహల్" అనేవాడు. భార్యకు పెద్ద ఇల్లు కట్టిస్తానంటున్నాడు కాబోలు అనుకునేవాణ్ణి. ఒకరోజు ఫోన్ కార్డు అయిపోయి, ఖాళీ కార్డు చేతిలో తిప్పుతూ దాన్నీ మహల్ అన్నాడు. అడిగితే చెప్పాడు. తగలోగ్‌లో మహల్ అంటే ప్రేమ, ప్రియమైన మనిషి. అధిక ధర పలికే వస్తువు కూడా మహలే. మనకు మహల్ అరబ్బీ నుంచి వచ్చిన రాజభవనం, దానికీ దీనికీ సంబంధం లేదు. కానీ నేను ఆగిపోయింది వేరే చోట. మనమూ అంతే కదా! ప్రియమైన భార్య అంటాం, సరుకులు ప్రియమయ్యాయంటాం. మాట వేరు, భాష వేరు, ఆ మాటలో రెండర్థాలు పక్కపక్కన ఎలా కూర్చున్నాయో ఆ కూర్చోవడం మాత్రం ఒకటే. ఆయనకది చెప్పాను. "ప్రియం" అని నాలుగుసార్లు పలికి నేర్చుకున్నాడు. తరవాతి వారం ఫోన్‌లో మహల్ అంటూ అంటూ మధ్యలో ఒకసారి "ప్రియం" అన్నాడు. అవతల ఆవిడ ఏమనుకుందో తెలియదు కానీ, పక్కన నిలబడ్డ నాకు గొంతు పూడుకుపోయింది. అప్పటికి ఇల్లు వదిలి ఏడు నెలలు.

మాస్టారికి రాసిన మొదటి ఉత్తరం కొరియా డ్రైడాక్ నుంచి. మా ఓడకు అక్కడ రిపేర్లు జరుగుతున్నాయి. స్విచ్‌బోర్డు ముందు ముగ్గురు నిలబడ్డారు. మా గ్రీకు చీఫ్, కొరియా టెక్నీషియన్, మా క్రొయేషియా ఎలక్ట్రీషియన్. చీఫ్ "నే, నే" అంటున్నాడు. కొరియా ఆయనా తల ఊపుతూ "నే, నే" అంటున్నాడు. గ్రీకులో నే అంటే అవును. కొరియాలోనూ నే అంటే అవునే, మర్యాదగా. క్రొయేషియా ఆయన మాత్రం వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆయన భాషలో నే అంటే కాదు. ఇద్దరూ కాదు కాదంటూ అంత సంతోషంగా చేతులు కలుపుకుంటున్నారేమిటని ఆయన బాధ. నేనైతే ముగ్గురూ "నే, నే" అని తమ గురించి తామే చెప్పుకుంటున్నట్టు విన్నాను. నేను అనడానికి నే అంటాం కదా మనం.

గ్రీకు నే, కొరియా నే. శబ్దం ఒకటే, అర్థం ఒకటే, రెండు కుటుంబాలూ వేరు. దొరికింది మాస్టారూ అని గొప్పగా రాశాను. రెండు నెలలకు ఏజెంటు చేతుల మీదుగా జవాబొచ్చింది. "ఏకాక్షరం సాక్ష్యానికి పనికిరాదు. అంత చిన్న మాటలు ఎక్కడైనా కలుస్తాయి. ఇంకా వెతుకు."

రెండో ఉత్తరంలో ఇండోనేషియా దువా పంపాను. రెండు అని అర్థం. సంస్కృతం ద్వి, ద్వౌ గుర్తొస్తాయి కదా. ఇండోనేషియా భాషలో సంస్కృతం మాటలు బోలెడు, నామ అంటే వాళ్ళకూ పేరే. కానీ దువా అరువు మాట కాదు. దాని తోబుట్టువులు మడగాస్కర్‌లో రోవా, న్యూజిలాండ్ మావోరీలో రువా, హవాయిలో లువా. సంస్కృతం సోకని ద్వీపాల్లో కూడా వరసగా కనిపిస్తాయి. ఆయన నేర్పిన పద్ధతే వాడి చూపించాను. "వరస బాగా పట్టావు. కానీ ద్వి వేరు, దువా వేరు, కాస్త సాగదీస్తే గానీ కలవవు. సగం మార్కులు" అని వచ్చింది. ఆ సగానికే పొంగిపోయాను.

ఇంకో ఓడలో జార్జియా దేశపు థర్డ్ ఆఫీసరు ఉండేవాడు. మంచి కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో. ఫోన్‌లో "మామ, మామ" అంటూ ఏడ్చాడొక రాత్రి. అమ్మకు ఒంట్లో బాగా లేదేమో అనుకుని పక్కన కూర్చున్నాను. అమ్మ కాదట, నాన్నకు ఆపరేషన్. వాళ్ళ భాషలో మామ అంటే నాన్న, అమ్మను దెద అంటారు. ప్రపంచంలో సగం భాషల్లో అమ్మకుండే పేరు అక్కడ నాన్నకు, మన దగ్గర అమ్మ అన్నదమ్ములకు. పసిపిల్లలకు పెదవులతో మొదట వచ్చేవి మ, ప, బ అక్షరాలే కాబట్టి, ఆ కూతలను దగ్గరున్న పెద్దవాళ్ళు తమ పేర్లుగా తీసుకుంటారని యాకొబ్సన్ అనే భాషాశాస్త్రవేత్త వివరించాడని తరవాత చదివాను. బాబా అంటే టర్కీలో నాన్న, స్వాహిలీలోనూ నాన్నే, రష్యాలో ముసలమ్మ. ఆ రాత్రి మాత్రం ఇవేవీ గుర్తు రాలేదు. నాకు తెలిసిన మామ ఒకాయన ఆసుపత్రిలో ఉన్నట్టే అనిపించింది. తెల్లారేదాకా ఇద్దరం ఫోన్ దగ్గరే కూర్చున్నాం. ఆపరేషన్ బాగా జరిగింది.

లంగరేసి రోజుల తరబడి వంతు కోసం ఎదురుచూసే కాలంలో పుస్తకం తిరగేస్తుంటే ఒక సంగతి తట్టింది. తెలుగుతో పోలికలు పేజీల కొద్దీ ఉన్నవి జపాను, స్వాహిలీ, ఫిన్నిష్, ఇండోనేషియా. క్రొయేషియా ఎలక్ట్రీషియన్‌ని ఎంత పీడించినా నాలుగు మాటలు మించి రాలలేదు. ఎందుకని? మనది అజంత భాష, మాట చివర అచ్చు ఉండాల్సిందే. జపానూ, స్వాహిలీ దాదాపు అంతే. ఒక హల్లు, ఒక అచ్చు, మళ్ళీ ఒక హల్లు, ఒక అచ్చు. పదిహేను హల్లులు, అయిదు అచ్చులు అనుకుంటే 75 అక్షరాలు. రెండక్షరాల మాటలు 75 సార్లు 75, అంటే 5,625. ఇంత కొద్ది గదుల్లో ప్రతి భాషా తన వేల మాటలను సర్దుకోవాలి. అదే గదిలో ఇంకోడు ఎప్పుడో ఒకప్పుడు కనిపించక తప్పదు.

అందుకే జపానువాళ్ళు అన్నను అని అంటారు, అక్కను అనె అంటారు. "అని అన్నాడు" అంటే అన్న అన్నాడనే అర్థం వస్తుంది సగం జపాను, సగం తెలుగు చదివితే. నిరు అంటే వాళ్ళకు ఉడికించడం, మిరు అంటే చూడటం, అత్త అంటే ఉండేది. స్వాహిలీలో పాక అంటే పిల్లి, మాజి అంటే నీళ్ళు, సీత అంటే ఆరు. మొంబాసా రేవులో సరుకు దించే కూలీ ఒకతను మా డెక్ మీద తిరిగే పిల్లిని "పాక, పాక" అని పిలుస్తుంటే, ఎండకు నీడ వెతుక్కుంటున్నాడనుకున్నాను. ఫిన్నిష్‌లో తలో అంటే ఇల్లు, మా అంటే నేల, పూ అంటే చెట్టు. మా అన్న మాటకు నేల అనే అర్థం ఉందని తెలిసిన రోజు ఆ పేజీలో ఇంకేమీ రాయలేదు. అదొక్కటే ఉంచాను.

ఈ లెక్క రాస్తే మాస్టారు ఇంకో సంగతి చెప్పారు. శబ్దానికీ అర్థానికీ ఉన్న సంబంధం నిత్యమని వేదవాక్యాలకు అర్థం చెప్పే మీమాంసకులు, కాదు, అది పెట్టిన సంకేతమని తర్కశాస్త్రపు నైయాయికులు శతాబ్దాలు వాదించుకున్నారట. "నీ నోటుబుక్కు నైయాయికుల పక్షం" అని రాశారు. నాకు ఆ వాక్యం ఒక పట్టాలా అనిపించింది.

అసలు మాట దొరికింది ఓడలు మానేశాక, ఇంట్లో కూర్చుని చదువుకుంటున్నప్పుడు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ప్రాంతపు ఆదివాసుల భాష ఒకటి, పేరు మ్బబరం. 1960లలో డిక్సన్ అనే భాషాశాస్త్రవేత్త ఆ భాష ఇంకా గుర్తున్న పెద్దాయన్ని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆయన పేరు ఆల్బర్ట్ బెనెట్. కుక్కను మీ భాషలో ఏమంటారని అడిగితే, పెద్దాయన "డాగ్" అన్నాడు. ప్రశ్న అర్థం కాలేదేమో, లేక ఇన్నేళ్ళ ఇంగ్లీషు నోట్లో ఉండిపోయిందేమో అని డిక్సన్‌కు అనుమానం. కాదు. అది వాళ్ళ మాటే. ఇరుగుపొరుగు భాషల్లో చూస్తే యిడిన్యలో కుక్క గుదగ, జిర్బల్‌లో గుద. మ్బబరంలో మాటల మొదటి అక్షరం రాలిపోవడం ఒక పద్ధతి. అలా గుదగ మొదలు తెగి, మధ్య అచ్చు మారి, చివరి అచ్చూ పోయి, డాగ్‌గా మిగిలింది. ఇంగ్లీషువాళ్ళ డాగ్ వాళ్ళ పాత భాషలోని డొగ్గ నుంచి వచ్చింది. భూగోళానికి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, ఎవరి దారిన వాళ్ళు నడిచి ఒకే శబ్దం దగ్గర, ఒకే జంతువు దగ్గర కలుసుకున్నారు.

మర్నాడే బయల్దేరి మాస్టారింటికి వెళ్ళాను. చూపు బాగా తగ్గింది ఆయనకు. నేను చదువుతుంటే కళ్ళు మూసుకుని విన్నారు. "రుజువు?" అన్నారు. గుదగ, గుద చెప్పాను. "మిగతా మాటలకూ మొదలు తెగిందా, ఇదొక్కదానికేనా?" అని అడిగారు. మిగతా వాటికీ అంతేనండి, అదే వరస అన్నాను. వరస అన్న మాట వినగానే ఆయన ముఖంలో వచ్చిన వెలుగు ఇంకా నా కళ్ళ ముందే ఉంది. మేజా సొరుగు తీయమన్నారు. ఎర్ర పెన్సిలు చెక్కి చెక్కి బొటనవేలంత మిగిలింది. నా చేతిలో పెట్టి గుప్పిట మూశారు.

ఇంటికి రాగానే మా హిందీవాడికి ఫోన్ చేశాను. వాడూ ఓడలు మానేసి చాలా ఏళ్ళయింది. మెట్ల మీద నుంచి ఎర్ర పెన్సిలు దాకా కథంతా చెప్పాను. నోటుబుక్కులో ఇంకెన్ని పేజీలున్నాయని అడిగాడు. ఒక్కటే మిగిలిందిరా, ఇక చాలు అన్నాను.

"చాలూ?" అన్నాడు వాడు, ముప్పై ఏళ్ళుగా ఆ మాటకు మనం చెప్పే అర్థం తెలిసి కూడా. "హా భాయ్, చాలూ రఖ్."

కొత్త నోటుబుక్కుకు గడులు ఆ పెన్సిలుతోనే గీశాను.